ఎర్రగా మిగిలిన మూల

మా వీధిలో ఎండాకాలం కూడా కిటికీ మూసుకుని పనిచేసుకునే మనిషి ఒక్కడే. బంగారు రేకు అతికే అన్నయ్య. నాకు తోడబుట్టినవాడేమీ కాదు. నేను ఈ వీధికి కాపురానికొచ్చిన ఏడాదే ఆయనా మా ఎదురిల్లు అద్దెకు తీసుకున్నాడు. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. సామాను దించుతుండగానే వెళ్లి, ఏం పని చేస్తారు, పిల్లలెంతమంది, ఆ రేకుడబ్బాలో ఏముంది అని వరసపెట్టి అడిగాను. ఆయన ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి, చివర్న "ఇంకేమైనా మిగిలిందా చెల్లాయ్?" అన్నాడు. ఆ చెల్లాయ్ అన్న పిలుపు అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్లు దాటింది.

ఆయన అద్దాల చట్రాలకీ, పటాల చట్రాలకీ, పుస్తకాల అట్టల మీది అక్షరాలకీ బంగారు రేకు అతుకుతాడు. రేకంటే మామూలు రేకు కాదు. చిన్న పుస్తకంలో కాగితానికీ కాగితానికీ మధ్య పెట్టి వస్తుంది. వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుని మాయమైపోతుంది. ఊపిరి తగిలితే ముడుచుకుపోతుంది. ఒకసారి నేను తెలియక తలుపు తోసుకుని వెళ్లాను. బల్ల మీదున్న రేకు లేచి, గాల్లో రెండు పల్టీలు కొట్టి, గోడనున్న క్యాలెండరుకు అతుక్కుంది. అన్నయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. "ఈ నెల పదిహేనో తేదీ బంగారమైపోయింది చెల్లాయ్" అన్నాడు.

అప్పటినుంచి ఆ గది నియమాలు నాకు నోటికొచ్చేశాయి. రేకు బయటికి తీస్తే కిటికీకి గడియ, ఫ్యాను బంద్. లోపలున్నవాళ్లు మాట్లాడకూడదు, తుమ్మకూడదు, దగ్గకూడదు. రేకు దాని చోట కూర్చున్నాక అన్నయ్య వేలి కణుపుతో బల్ల మీద ఒకసారి టక్కుమని తడతాడు. అంతవరకూ బిగబట్టుకున్నవాళ్లందరూ ఒక్కసారిగా దగ్గి, తుమ్మి, గొంతులు సవరించుకుని నవ్వుకునేవాళ్లు. నేనైతే దాచుకున్న కబుర్లన్నీ ఆ టక్కు కోసమే కాచుకుని ఉండేదాన్ని.

రేకును చేత్తో ఎత్తలేం. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన వెడల్పాటి పల్చటి కుంచె ఒకటుంటుంది. దాన్ని చెంప మీద ఒకసారి రాస్తే చర్మం మీది జిడ్డు కాస్త అంటుకుంటుంది. ఆ జిడ్డుకే రేకు లేచి వస్తుంది. జిడ్డు ఎక్కువైతే కుంచెను వదలదు, తక్కువైతే కుంచెకు అందదు. అన్నయ్య చెంప ఎండిన అట్టముక్క. అందుకని పక్కన చిన్న స్టూలు మీద వదిన కూర్చునేది. ఆయన అటు చూడకుండానే కుంచె చాచేవాడు. ఆమె కాస్త వంగి చెంప ఆనించేది. ఆయన రేకెత్తి చట్రం దగ్గరికి తెచ్చేలోపు, రేకు పడాల్సిన చోట సన్నటి కాగితం గొట్టంతో వేడి ఊపిరి ఊదేవాడు. చట్రానికి ముందుగా పూసి ఆరబెట్టిన ఎర్రమన్ను ఆ ఊపిరి తడికి కాస్త మెత్తబడుతుంది, రేకు దాన్ని కరుచుకుంటుంది. ఆమె చెంపా, ఆయన ఊపిరీ కలిస్తే ఒక రేకు. నేను చూసినంత కాలం వాళ్లిద్దరూ పనిలో పోట్లాడుకోవడం చూడలేదు. పని అయ్యాక మాత్రం బాగానే పోట్లాడుకునేవాళ్లు.

వదిన కోసం ఆయన ఒక అద్దం చేశాడు. నిలువెత్తుది కాదు, మొహం, భుజాలు కనిపించేంత. చుట్టూ తీగలు చెక్కిన చట్రం. బయటివాళ్ల పని ఎప్పుడూ ముందు కూర్చోవడం వల్ల సొంత పని ఏళ్ల తరబడి సాగింది. "నేను పళ్లూడిన ముసలిదాన్నయ్యాక ఇస్తావు, అందులో చూసుకోవడానికి ఏముంటుంది?" అని వదిన దెప్పేది. చివరికి కిందివైపు కుడిమూల అరచెయ్యంత మిగిలింది. ఆ పనిలో ఉండగానే వదినకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆరునెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. ఆమె పోయింది. ఆ మూల ఎర్రగా అలాగే ఉంది. అన్నయ్య ఆ అద్దాన్ని స్టూలుకు ఎదురుగా గోడకు తగిలించాడు. నాలుగేళ్లు. కుంచె తన చెంపకే రాసుకుంటాడు. మూడు రేకుల్లో ఒకటి పాడవుతుంది. స్టూలు మాత్రం అక్కడినుంచి తియ్యడు.

ఒకసారి నేను ఆగలేక, "నా చెంపతో ఆ మూల కానిచ్చెయ్యకూడదా?" అన్నాను.

"నీ చెంప జిడ్డుకి వీధిలో ఉన్న రేకంతా అంటుకుంటుంది. కుంచె నాకు మళ్లీ దక్కదు" అన్నాడు.

నవ్వాడు కానీ అద్దం వైపు చూడలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. వంతెన అవతల ఉంటుంది. అల్లుడు బస్సు డ్రైవరు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆ పిల్ల కడుపు పండింది. రెండు నెలల ముందే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది, కిలోన్నర బరువు. నెలరోజులు గాజుపెట్టెలో పెట్టి, ఆ తర్వాత ఇంటికి పంపుతూ డాక్టర్లు గట్టిగా చెప్పారట. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, ఊపిరితిత్తులు ఇంకా లేతవి, నాలుగు కిలోలు దాటేదాకా, మొదటి టీకాలు పడేదాకా చూడ్డానికి ఎవరూ రాకూడదు, ఎవరూ ఎత్తుకోకూడదు, ముఖ్యంగా జలుబున్నవాళ్లు గుమ్మం కూడా తొక్కకూడదని.

కూతురు ఫోనులో ఫొటో పంపింది. అన్నయ్య దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వీధి దాటి రావడానికి ఆయన చెప్పులు కూడా వేసుకోలేదు.

"చూడు చెల్లాయ్. ఈ గడ్డం ఎవరిది?"

గుప్పెడంత మొహం, అందులో వదిన గడ్డం. కాదనడానికి వీల్లేదు.

ఆనాటినుంచి ఆయనకు వారం అంటే ఆదివారమే. ఆదివారం పొద్దున కూతురు ఫోన్ చేసి బరువు చెప్పేది. ఆయన అద్దం పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసుకునేవాడు. రెండుంపావు. రెండున్నర. ఒక వారం యాభై గ్రాములే పెరిగిందని ఆ రోజంతా నాతో సరిగా మాట్లాడలేదు.

"ఆ పాలు నేనేమైనా తాగేశానా అన్నయ్యా, నామీద కోపమెందుకు?" అన్నాను.

"నాలుగు కిలోలు ఎప్పటికవుతుంది, నువ్వు లెక్క చెప్పు."

నేను చదివింది ఐదో తరగతే అయినా కూడికలు బాగా వచ్చు. వేళ్ల మీద వేసి, వానలు వెలిసేసరికి అన్నాను. ఆయన గోడవైపు చూసి, "అయితే ఆ మూల అప్పటికి పూర్తి చెయ్యాలి. పిల్ల మొదటిసారి ఆ అద్దంలోనే చూసుకోవాలి. దాన్ని ఎత్తుకుని దానికి చూపించాలి" అన్నాడు.

నాలుగేళ్లలో ఆ మూల గురించి ఆయన నోటివెంట మాట రావడం అదే మొదటిసారి. ఒక్కసారి ఎత్తుకోవాలి. ఆయనకు కావలసింది అంతే.

గోడ మీద అంకె మూడు కిలోల నాలుగొందలకు వచ్చిన వారం వానలు బాగా పట్టాయి. మా ఇంట్లో అందరికీ జలుబు. నాకూ ముక్కు కారుతోంది, గొంతులో గరగర. దాన్ని జబ్బని ఎవరనుకుంటారు? అన్నయ్య ఆ వారమే ఒక పెద్ద చట్రం పని ముగించి, ఆ తర్వాత మూల మొదలుపెడతానన్నాడు. అది ఎక్కడ నా కన్నుగప్పి మొదలవుతుందోనని మూడు మధ్యాహ్నాలు నేను అక్కడే కూర్చున్నాను. వానకు కిటికీ మూసే ఉంది, రేకుకు తలుపూ మూసే ఉంది.

రేకు గాల్లో ఉన్నంతసేపూ నేను దగ్గు ఆపుకున్నాను. కళ్లవెంట నీళ్లు కారినా ఆపుకున్నాను. ఆయన టక్కుమని తట్టగానే మొహం పక్కకు తిప్పి తనివితీరా దగ్గేదాన్ని. ఆయన మెచ్చుకున్నాడు కూడా. "నలభై ఏళ్లకు పనితనం నేర్చుకున్నావు చెల్లాయ్." నాకు గర్వంగా కూడా అనిపించింది. రేకును కాపాడాననుకున్నాను. మూసిన గదిలో ఆ దగ్గంతా ఎక్కడికి పోతుందని నేనూ ఆలోచించలేదు, ఆయనా ఆలోచించలేదు.

తర్వాత రెండ్రోజులు ఆయన తలుపు సగమే తీశాడు. ఒళ్లు నొప్పులు, కాస్త దగ్గు అన్నాడు. నుదురు ముట్టుకుంటే పెద్దగా కాలడం లేదు. వేడిపాలు ఇచ్చి వచ్చాను. ఆ పై రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. రేకు పుస్తకం తెరవలేదు. కుంచె మాత్రం పట్టుకుని, చెయ్యి పక్కకు చాచి ఉన్నాడు, ఖాళీ స్టూలు వైపు.

"కాస్త వంగవే. ఎంతసేపు పట్టుకోను?" అన్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన నన్ను చూడలేదు. స్టూలు వైపు చూసి నవ్వుతున్నాడు. వదినతో మాట్లాడేటప్పుడు మాత్రమే నవ్వే నవ్వు అది. నాలుగేళ్లుగా ఆ నవ్వు చూడలేదు నేను. మూల పూర్తి చెయ్యాలని కూర్చునేసరికి వదిన గుర్తొచ్చిందనుకున్నాను. భార్యాభర్తల మధ్యకు పోవడానికి మనమెవరం అనుకున్నాను. పరాయి వాళ్ల ఉత్తరాలు కూడా చదవకుండా ఉండలేని దాన్ని, ఆ రోజు మాత్రం తలుపు మెల్లిగా దగ్గరికి వేసి వచ్చేశాను. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను కూడా.

జీవితంలో ఒక్కసారి మర్యాదగా ఉన్నాను. అది ఉండకూడని రోజున ఉన్నాను.

సాయంత్రం వీధిదీపాలు వెలిగే వేళ మనసాగక మళ్లీ వెళ్లాను. అలాగే ఉన్నాడు. చెయ్యి ఒళ్లో పడిపోయింది, కుంచె కింద ఉంది. దీపం వేసి చూస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి, గోళ్లు కూడా. పరుగెత్తి వచ్చినవాడిలా పొట్టి పొట్టి ఊపిరి. పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. "అన్నయ్యా, ఈ రోజేం వారం?" అంటే నా మొహం చూసి, "నువ్వెవరివమ్మా?" అన్నాడు.

నన్ను ఎవరని అడిగిన మనిషి ఈ వీధిలో ఇంతవరకూ లేడు. నా అరుపుకు నాలుగిళ్లవాళ్లు బయటికొచ్చారు, అంబులెన్సు వచ్చింది.

ఎక్స్‌రే తీశారు. కుడివైపు ఊపిరితిత్తి కిందిసగం తెల్లగా ఉంది. న్యుమోనియా అన్నారు. ముక్కుకు ఆక్సిజన్, చేతికి సూది. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనవరాలి ఈడు. నేను వదలలేదు.

"చల్లటినీళ్లతో స్నానం చేశాడేమోనమ్మా. వానగాలి కూడా."

"చల్లగాలితో, చన్నీళ్లతో రాదు పెద్దమ్మా, ఇది సూక్ష్మజీవుల పని. ఊపిరితిత్తుల్లో గాలి నిండడానికి చిన్న చిన్న తిత్తులుంటాయి. వాటిలోకి దిగి వాపు తెస్తాయి. గాలి ఉండాల్సిన చోట చీము, నీరు చేరతాయి."

"ఎలా దిగుతాయి?"

"ఎవరైనా దగ్గినా తుమ్మినా తుంపర్లలో వస్తాయి. ఆ తుంపర్లు పడ్డ చేతులు ముట్టుకుని ముక్కూ నోరూ తుడుచుకున్నా వస్తాయి. మూసిన గదయితే మరీ సులువు. ఒక్కోసారి మన గొంతులో ఊరికే ఉన్నవే, జలుబో ఫ్లూనో వచ్చి ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు అదను చూసి కిందికి దిగుతాయి."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్పటికి నా దగ్గు తగ్గిపోయింది. అయినా పెట్టుకున్నాను.

"మరి అదే గదిలో నేనూ ఉన్నానమ్మా. నాకు ముక్కు కారి తగ్గిపోయింది, ఆయనకు ప్రాణం మీదికొచ్చిందేం?"

"ఆయనకెన్నేళ్లు?"

"డెబ్బై మూడు."

"షుగరుందా? సిగరెట్లు?"

షుగరు ఉంది. సిగరెట్లు ముప్పై ఏళ్లు కాల్చి, వదిన మంచాన పడ్డాక మానేశాడు. చెప్పాను.

"అదీ సంగతి. అరవై ఐదు దాటినవాళ్లకీ, పసిపిల్లలకీ ఇది తొందరగా పట్టుకుంటుంది. పొగ తాగినవాళ్లకీ, ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, ఏ జబ్బువల్లో మందులవల్లో తట్టుకునే శక్తి తగ్గినవాళ్లకీ కూడా. ఈయనకు మూడున్నాయి. అందుకే మీకు జలుబయింది, ఆయనకు ఇదయింది. టీకా వేయించుకుని ఉంటే ఇంత దాకా వచ్చేది కాకపోవచ్చు."

"కానీ ఒళ్లు కాలలేదమ్మా. జ్వరమే లేదు."

"పెద్దవాళ్లకు జ్వరం రాకపోవచ్చు. మతి తప్పినట్టు మాట్లాడతారు. మనుషుల్ని గుర్తుపట్టరు. లేని మనుషులు కనిపిస్తారు. ఇంట్లోవాళ్లు అది వయసు అనుకుని, బెంగ అనుకుని ఊరుకుంటారు. అక్కడే ఆలస్యమవుతుంది."

ఆ మధ్యాహ్నం నేను మెల్లిగా వేసి వచ్చిన తలుపు చప్పుడు మళ్లీ వినిపించింది నాకు.

"నా దగ్గు వల్లనే వచ్చిందంటారా?" అని చివరికి అడిగేశాను.

"అది ఎవరూ చెప్పలేరు పెద్దమ్మా. మీ వల్ల కావచ్చు, కొట్టుకొచ్చిన ఇంకొకరి వల్ల కావచ్చు." నేను అడిగిన ప్రశ్నలన్నిటిలో జవాబు రానిది అదొక్కటే.

మూడోరోజు ఆయన కళ్లు తెరిచి నన్ను చెల్లాయ్ అన్నాడు. ప్రాణం లేచొచ్చి, పడుకునే ఉన్న మనిషి నోట్లో చెంచాతో టీ పొయ్యబోయాను. నర్సు వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"కూర్చోబెట్టకుండా పొయ్యకండి. మింగే సత్తువ లేదు. అది దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ ఇదే జబ్బు."

"టీతో కూడానా?"

"టీ, నీళ్లు, అన్నం. ఏదైనా."

అన్నయ్య మంచం మీదినుంచే, "దీన్ని ఒకసారి బయట కూర్చోబెట్టమ్మా, నేను బతుకుతాను" అన్నాడు. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కూతురు ఆసుపత్రికి రాలేకపోయింది. రానిచ్చినా, తిరిగి ఆ చేతులతో బిడ్డ దగ్గరికి పోవాలి కదా. అల్లుడే డ్యూటీ దిగి వచ్చేవాడు, ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని స్నానం చేశాకే లోపలికి పోయేవాడట. ఆదివారం కూతురు నాకు ఫోన్ చేసింది. "అత్తా, మూడు ఏడొందలు. నాన్నకు చెప్పు." చెప్పాను. పెన్సిల్ అడిగితే నర్సు పెన్ను ఇచ్చింది. ఆసుపత్రి గోడ మీద రాయనివ్వరు కదా, నా చేతిమీద రాశాడు. వణుకుతున్న అంకె. ఆ రోజు చెయ్యి కడుక్కోవాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఇబ్బందే అయింది. అక్కడ గంటకోసారి కడగమంటారు.

తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. మంచంనుంచి గుమ్మందాకా నడిచి, గోడ పట్టుకుని ఆగేవాడు. దగ్గు ఇంకా పోలేదు. పూర్తిగా కోలుకోవడానికి ఆరువారాలైనా పట్టొచ్చు, దగ్గు తగ్గి మళ్లీ ఎక్స్‌రే చూసేదాకా పసిపిల్ల దగ్గరికి వెళ్లొద్దు అన్నారు. కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచమన్నారు.

అప్పుడు వచ్చింది ఆ ఆదివారం. ఫోన్ మోగింది. "నాన్నా, నాలుగు కిలోల ఇరవై. మొదటి టీకాలూ అయిపోయాయి." అన్నయ్య పెన్సిల్ తీసుకుని గోడమీద రాశాడు. ఆ అంకె కోసమే నాలుగు నెలలు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. ఇప్పుడు బిడ్డకు అడ్డు లేదు, అడ్డు ఆయనే. ఫోన్లో మాట్లాడుతూనే దగ్గొచ్చింది. దగ్గు వినపడకుండా ఫోను దూరంగా పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన అద్దం కింద కూర్చుని కాగితం గొట్టం నోట పెట్టుకుని ఊదాడు. ఊపిరి గొట్టం చివరికి కూడా చేరలేదు. మళ్లీ ఊదాడు. దగ్గు తెర వచ్చి గొట్టం చేతిలో నలిగిపోయింది.

నేను ఆగలేకపోయాను. అన్నీ చెప్పేశాను. జలుబు సంగతి, టక్కుమని తట్టాక దగ్గిన సంగతి, స్టూలు ముందు ఆయన్ను వదిలేసి తలుపు వేసుకుపోయిన సంగతి.

ఆయన నలిగిన గొట్టాన్ని వేళ్లతో సాపు చేశాడు. "ఈ వీధిలో ఎవరికి ఏ కబురొచ్చినా నువ్వే పంచుతావు. జలుబొక్కటే దాచుకోమంటే ఎలా చెల్లాయ్?" అన్నాడు. తర్వాత మెల్లిగా, "ఆ రోజు మీ వదిన వచ్చి కూర్చుంది. కుంచె చాస్తే వంగింది. ఆ చెంప వెచ్చగా తగిలింది నాకు. జబ్బు మాయ అని డాక్టరమ్మ చెప్పింది, సరే. కానీ మందులేసి తగ్గించాక మీ వదిన మళ్లీ రాలేదు కదా" అన్నాడు.

"అలా అనకు అన్నయ్యా. ఇంకో గంటయితే..."

"తెలుసు. బతికి ఉన్నందుకు బాధ లేదు. ఊరికే చెబుతున్నాను, నువ్వడగక ముందే."

వంతెన అవతలి పిల్లకోసం ఆ తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే మీరు నవ్వుతారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పదేసి సార్లు లోతుగా ఊపిరి పీల్చి వదిలేవాడు, నర్సు నేర్పినట్టు. నేను ఎదురింటి గుమ్మంలోనుంచి లెక్కపెట్టేదాన్ని. తొమ్మిదికే ఆపితే కేకేసేదాన్ని. వీధి చివరి పంపుదాకా, తర్వాత మలుపుదాకా నడిచేవాడు. ఆసుపత్రికెళ్లి టీకాలు వేయించుకున్నాడు. నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి నాకూ ఫ్లూ టీకా వేయించాడు. సూది గుచ్చేటప్పుడు నేను మూలిగితే, "రేకు గాల్లో ఉంది, చప్పుడు చెయ్యకు" అన్నాడు.

ఏడో వారంలో ఎక్స్‌రే తీశారు. తెలుపు పోయింది. డాక్టరమ్మ, చేతులు కడుక్కుని ఎత్తుకోండి తాతగారూ అంది. వచ్చే ఆదివారం పది గంటలకు వస్తున్నానని కూతురు చెప్పింది.

ఆదివారం పొద్దున నేను తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకున్నాను. నలుగురికి నాలుగురకాలుగా చెప్పడానికి నేనే అన్నీ చూడాలి కదా. ఎనిమిదింటికి గొంతులో గరగర మొదలైంది. నీళ్లు తాగాను. పోలేదు. తొమ్మిదింటికి రెండు తుమ్ములు. టీకా వేయించుకున్నాక తుమ్ములేమిటని టీకా మీద కోపమొచ్చింది. మామూలు జలుబు దాని మాట వినదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

బస్సు దిగి కూతురు వస్తోంది. భుజానికి సంచి, గుండెకు హత్తుకుని చిన్న మూట. "అత్తా, రావా?" అని వీధిలోనుంచే పిలిచింది.

"నువ్వు పోమ్మా. నాకు జలుబు" అన్నాను.

ఆ పిల్ల ఆగిపోయి నన్ను చూసింది. ఇంతకాలంలో నేను రానన్న ఇల్లు ఈ వీధిలో లేదు.

అన్నయ్య కిటికీ బార్లా తెరిచి ఉంది. నేను వీధికి ఇవతలే, మా గోడకు ఆనుకుని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆయన మోచేతులదాకా సబ్బుతో కడుక్కోవడం కనిపించింది. తుడుచుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు చేతులూ ముందుకు పట్టుకుని నిలబడ్డాడు. కూతురు బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఇంత దూరం నుంచి కూడా నాకు తెలిసింది, రేకెత్తినప్పుడు భుజాలు అలాగే ఆగిపోతాయి. కూతురు ఏదో అంది. భుజాలు దిగాయి.

అద్దం దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన వీపు నాకు అడ్డం వచ్చింది. ఒక టోపీ అంచు, ఆయన తెల్లజుట్టు, పక్కన కూతురి చెంప కనిపించాయి అద్దంలో. కిందిమూల కనిపించింది. ఎర్రగానే ఉంది.

"ఆ మూల ఎప్పుడు చేస్తావు నాన్నా?" అని కూతురు అడగడం వినిపించింది.

"దానికి కిటికీ మూయాలి" అన్నాడు. "ఈ పిల్ల కాస్త పెద్దదై గట్టిపడనీ. మీ అమ్మ ఏమీ అనుకోదు."

నాకు దగ్గొచ్చింది. కొంగు కుక్కుకుని ఆపుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డ ఏడుపు ఎలా ఉంటుందో, ఆ గడ్డం నిజంగా వదినదేనో కాదో, ఆయన ఏమంటున్నాడో, అన్నీ పది అడుగుల అవతలున్నాయి. ఆయన బిడ్డను భుజాన వేసుకుని కిటికీ వైపు తిరిగాడు. నన్ను చూశాడు. నా మూతికి అడ్డమున్న కొంగు చూశాడు. ఖాళీగా ఉన్న చెయ్యి చాచి వేలి కణుపుతో కిటికీ చెక్క మీద ఒకసారి టక్కుమని తట్టాడు.

నేను తల ఊపి, వీధి చివరి పంపుదాకా నడిచి వెళ్లి, అక్కడ దగ్గాను.